టాపెట్ కిట్టు కొంటున్నారా? ముందు సన్న రేకులు లెక్కపెట్టుకోండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం, ఎక్కడ బైకు సామాన్ల కొట్టుకెళ్ళినా గల్లాపెట్టె వెనక మేకుకి వేలాడుతూ ఉంటుందీ కిట్టు. ఇంజను వాల్వుల దగ్గరుండే సన్న సందుని (టాపెట్ గ్యాపు అంటారు) కొలిచి సరిచేసుకునే సామాను ఇది. అట్ట మీద పేరు కొట్టుకొకటి, లోపల సరుకు మాత్రం ఒకే అచ్చు. ధర రెండొందల యాభై నుంచి నాలుగొందల దాకా చెబుతారు, బేరమాడితే కొంచెం దిగుతారు. లోపల సన్న సందులు కొలిచే ఇరవై రేకుల ఫీలర్ గేజ్ ఒకటి, టీ ఆకారంలో చిన్న టాపెట్ కీ, దానికి తగిలించుకునే 8, 9, 10 సైజు గొట్టం పానాలు మూడు, 3 మి.మీ., 4 మి.మీ. చదరపు కన్నాలున్న బిట్లు రెండు, చప్పట స్క్రూడ్రైవర్ బిట్టు ఒకటి. అంతే. మూతల కింద వేసే రబ్బరు ఓ-రింగులు లేవు. ఏ బండికి ఎంత గ్యాపు పెట్టాలో చెప్పే కాగితం ముక్క కూడా లేదు.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి టైము కలిసొస్తుంది. కీకి పదికి ఏడు మార్కులు, గేజ్‌కి నాలుగు. టాపెట్ పనిలో కొలతే ప్రాణం కాబట్టి మొత్తం కిట్టుకి అయిదుకి మించి వేయలేం. అలాగని కొనొద్దనడం లేదు. ఎక్కడ తక్కువొస్తుందో తెలిసి కొంటే ఆ తక్కువని ఇంట్లోనే పూడ్చుకోవచ్చు. ఎలాగో కింద ఉంది.

ముందు ఇది ఏ బండికి పనికొస్తుంది? స్క్రూ, దాని మీద అది కదలకుండా పట్టే లాక్‌నట్టు ఉన్న టాపెట్లకి మాత్రమే. స్ప్లెండర్, ప్యాషన్, హెచ్‌ఎఫ్ డీలక్స్ లాంటి బళ్ళకి హెడ్డు మీద రెండు గుండ్రటి మూతలు తీస్తే చాలు, వాల్వుల్ని నొక్కే రాకర్లు కనిపిస్తాయి. స్కూటర్లకీ, పల్సర్ లాంటివాటికీ హెడ్ కవరే ఊడదీయాలి, అంటే దాని ప్యాకింగ్ కూడా చేతిలో ఉండాలి. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్టుకి ఈ కిట్టుతో పని లేదు. దానికి పక్కనున్న టాపెట్ మూత తీసి, రాకర్ని తోసే కడ్డీ (పుష్‌రాడ్) వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు అన్న లెక్కలో పెడతారు. ఫీలర్ గేజ్ అక్కడ దూరదు, అక్కర్లేదు. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్‌లోని యూసీఈ ఇంజనుకి ఆయిల్ ప్రెషర్‌తో తమంతట తామే గ్యాపు సరిచేసుకునే హైడ్రాలిక్ టాపెట్లు, సెట్ చేసేదేమీ ఉండదు. డ్యూక్ 390 లాంటివాటికి షిమ్ములు (గ్యాపుని బట్టి పెట్టే లోహపు బిళ్ళలు) మార్చాలి, అందులో ఈ కిట్టు నుంచి గేజ్ ఒక్కటే అక్కరకొస్తుంది, మిగతా పని అరుగు మీద కూర్చుని చేసేది కాదు.

గ్యాపంటే ఏమిటో ఒక్క మాటలో. రాకర్ కొసన ఉన్న స్క్రూకీ, వాల్వు కాడ తలకీ మధ్య, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వదిలే సందు. ఇంజను కాగితే వాల్వు కాడ సాగుతుంది, ఆ సాగే చోటు ముందే వదలకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వంద సీసీ బళ్ళలో చాలావాటికి ఈ సందు 0.05 నుంచి 0.10 మి.మీ. లోపే. మామూలు జెరాక్సు కాగితం మందం 0.10 దగ్గర ఉంటుంది, అంటే మనం మాట్లాడుతున్నది కాగితంలో సగం గురించి. ఖచ్చితమైన అంకె బండితో వచ్చిన మాన్యువల్లో ఉంటుంది. పక్కింటివాళ్ళ బండి అంకె మీ బండికి వాడకండి. పేరు ఒకటే అయినా ఏడాది మారితే అంకె మారిన మోడళ్ళు ఉన్నాయి, పెట్రోలు, గాలి లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వుకి ఒకటి, పొగ బయటికెళ్ళే ఎగ్జాస్టు వాల్వుకి ఒకటి ఇచ్చేవీ ఉన్నాయి.

ఈ పని ఇంట్లో నేర్చుకోవడానికి అసలు కారణం శబ్దం మీద మన జనానికున్న భయం. చెయ్యి తిరిగిన మెకానిక్కులు రాకర్ని రెండు వేళ్ళతో ఆడించి గ్యాపు చెప్పేస్తారు, వాళ్ళ వేళ్ళకి పేరు పెట్టలేం. చిక్కంతా బండి ఓనరుతో వస్తుంది. ‘టిక్కుటిక్కుమంటోంది, ఆ సౌండు పోవాలి బాబూ’ అని నెత్తిమీద నిలబడితే, మెకానిక్కు మాత్రం ఏం చేస్తాడు, స్క్రూ ఇంకో పిసరు దించేస్తాడు. సౌండు పోతుంది. దానితోపాటు వాల్వుకి ఊపిరి తీసుకునే సందూ పోతుంది. ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం సీటుకి ఆనుకున్న క్షణాల్లోనే వదులుకుంటుంది. ఆనుకోనివ్వకపోతే అంచు కాలుతుంది, కంప్రెషన్ లీకవుతుంది, చివరికి హెడ్డు విప్పే పని పడుతుంది. వాడగా వాడగా వాల్వు సీటులోకి దిగే కొద్దీ కూడా గ్యాపు తగ్గుతూనే వస్తుంది. అందుకే ముప్ఫై వేలు తిరిగిన బండి నిశ్శబ్దంగా ఉందంటే మురిసిపోకుండా ఒకసారి మూత తీసి చూడాలి. సన్నగా టిక్కుమనే బండి నయం.

టైటు టాపెట్‌కి గుర్తేమిటంటే, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతుంది. కాలవ గట్టు మీద పదిహేను కిలోమీటర్లు పోయి ఆపాక మళ్ళీ కిక్కుకి లొంగదు, ఐడిలింగులో ఆగిపోతుంది. రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ ఆగుతూ సెకండ్ గేరులో తిరిగే బళ్ళు, చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసే బళ్ళు ఇంజను వేడెక్కడంలో అందరికన్నా ముందుంటాయి. వాటికి మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లకి ముందే చూసుకోవాలి. గ్యాపు మరీ ఎక్కువైతే శబ్దం పెరుగుతుంది, వాల్వు తెరుచుకునేది తగ్గి పికప్ పోతుంది, రాకర్ కొస దెబ్బ తింటుంది. అదీ మంచిది కాదు గానీ, చెడేది మెల్లగా చెడుతుంది, చెవికి వినబడుతూ చెడుతుంది.

ఇక పని. హోండా మాన్యువళ్ళలో ఇంజను 35 డిగ్రీలకన్నా తక్కువ వేడిలో ఉండగా చూడమని ఉంటుంది. మే నెలలో మన దగ్గర పదకొండు దాటితే నీడలో పెట్టిన ఇంజనే ఆ గీత దాటేస్తుంది. కాబట్టి బండి రాత్రంతా ఆగి ఉండాలి, పని తెల్లారి ఆరూ ఆరున్నరకి మొదలుపెట్టాలి. ‘ఇప్పుడే వచ్చా, అరగంట ఆగా, చల్లబడింది’ అంటే చెల్లదు. బయట రెక్కలు చల్లబడినా లోపల వాల్వు కాడ వేడిగానే ఉంటుంది.

మూతలు విప్పేముందు హెడ్డు చుట్టూ కిరసనాయిలు కుంచెతో కడగండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. వేసవిలో కాలవలు కట్టేశాక గట్ల మీద లేచే దుమ్ము, వానాకాలంలో ఊడ్పుల టైములో ట్రాక్టర్లు రోడ్డెక్కించే బురద, రెండూ ఎండి ఆ మూతల చుట్టూ గట్టిగా పేరుకుని ఉంటాయి. మూత తిప్పగానే ఆ మట్టి సూటిగా రాకర్ల మీద పడుతుంది. ఇసక రవ్వ రాకర్లని ఆడించే కామ్ మీద పడితే టాపెట్ కన్నా పెద్ద ఖర్చు. వరద నీళ్ళలో నిలబడ్డ బండైతే ముందు ఆయిల్ చూడండి, పాల టీలాగా తెల్లబడితే టాపెట్ సంగతి తర్వాత.

సెంటర్ స్టాండు వేసి ప్లగ్గు విప్పేయాలి. ప్లగ్గు లేకపోతే కంప్రెషన్ ఎదురు తిరగదు, ఇంజను వేళ్ళతో తిప్పినట్టు తిరుగుతుంది. ఇంజను పక్కనుండే మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి, పెద్దది ఇంజనుని తిప్పే మధ్య నట్టుకి, చిన్నది టైమింగ్ గుర్తుకి. వాటి గాడి వెడల్పుగా ఉంటుంది, అందులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే గాడి చెడుతుంది. పది రూపాయల బిళ్ళ పెట్టి దాన్ని ప్లయరుతో పట్టుకు తిప్పండి, నున్నగా వస్తుంది. ఈ మూతలు లేని బళ్ళకి కవర్ మొత్తం తీయాల్సిందే. మధ్య నట్టు తిప్పడానికి చాలావాటికి 14 సాకెట్టు కావాలి, కిట్టులో అది లేదు. ఎడమ పక్కన నిలబడితే స్ప్లెండర్ జాతి ఇంజను గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిరగాలి. దిక్కు గురించి అనుమానం ఉంటే సాకెట్టు పక్కన పెట్టి, టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకి తిప్పండి. బండి ముందుకెళ్ళే దిక్కున ఇంజను ఎప్పుడూ తప్పు తిరగదు.

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. చిన్న కిటికీలోంచి చూస్తే మాగ్నెట్ మీద రెండు అక్షరాలు వస్తాయి, ఒకటి ఎఫ్, ఒకటి టి. ఎఫ్ గుర్తు ఇగ్నిషన్‌ది. మనకి కావాల్సింది టి పక్కనున్న గీత, అది కవర్ మీది గంటుకి ఎదురుగా నిలవాలి. అది కూడా కంప్రెషన్ స్ట్రోకులో, అంటే రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చే చుట్టులో. నాలుగు స్ట్రోకుల ఇంజనులో టి గీత రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, అందులో ఒకటే మనది. తేలికైన దారి, ఇన్‌లెట్ రాకర్ని చూస్తూ తిప్పడం. అది కిందికి నొక్కి, మళ్ళీ లేచాక వచ్చే మొదటి టి గీత దగ్గర ఆపాలి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే సన్నగా ఆడాలి. ఒకటైనా బిగిసి ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. రెండో చుట్టులోనూ బిగిసే ఉంటే ఆ టాపెట్ టైటుగా ఉన్నట్టే, మీరు సరైన రోజునే మూత తీశారు. ఏ మూత దేనిదో గుర్తుకి వెతుక్కోనక్కర్లేదు. కార్బొరేటర్ (కొత్త బళ్ళలో థ్రాటిల్ బాడీ) వైపుది ఇన్‌లెట్, సైలెన్సర్ గొట్టం వైపుది ఎగ్జాస్టు. అడ్డంగా పడుకున్నట్టుండే ఇంజనులో ఎగ్జాస్టు మూత అడుగున ఉంటుంది, తీయగానే కాసింత ఆయిల్ కారుతుంది, కింద పాత సత్తు గిన్నె పెట్టుకోండి.

ఇప్పుడు గేజ్ దగ్గరికొద్దాం, నాలుగే మార్కులు ఎందుకో. ఇరవై రేకులున్నాయని అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. విప్పి చూస్తే 0.05, 0.10, 0.15, ఇలా అయిదేసి చొప్పున 1.00 దాకా పోతుంది. వాటిలో బైకు మనిషి తాకేవి రెండు మూడే, మిగతా పదిహేడూ ట్రాక్టరుకో, చేపల చెరువు డీజిల్ ఇంజనుకో. మీ మాన్యువల్లో 0.08 అని ఉంటే? ఈ గేజ్‌లో 0.05 తర్వాత తిన్నగా 0.10. రెండు రేకులు కలిపి 0.08 చేద్దామన్నా కుదరదు, 0.03 రేకు లేదు. కొట్టు దగ్గరే గేజ్ విప్పి మొదటి నాలుగు రేకుల మీది అంకెలు చదవండి. 0.03, 0.04, 0.05, 0.06 అంటూ మొదలయ్యే గేజ్ విడిగా దొరుకుతుంది. అది దొరికితే ఈ కిట్టు పక్కన పెట్టి, కీ ఒక్కటే విడిగా అడిగి తీసుకోండి.

దొరక్కపోతే మర లెక్క ఒకటి ఉంది. టాపెట్ స్క్రూ సన్నమర. విడి స్క్రూ ఒకటి తెచ్చుకుని స్కేలు పెట్టి పది మరలు కొలిస్తే 5 మి.మీ. వచ్చిందనుకోండి, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 0.5 అన్నట్టు. అంటే స్క్రూ ఒక పూర్తి చుట్టుకి గ్యాపు అర మిల్లీమీటరు మారుతుంది. 0.05 మారాలంటే చుట్టులో పదో వంతు, గడియారం మీద ఆరు నిమిషాల దూరం. 0.05 రేకు సన్నగా రాసుకుంటూ వచ్చేలా పెట్టుకుని, అక్కడినుంచి స్క్రూని మూడున్నర నిమిషాల దూరం వెనక్కి తిప్పితే 0.08 దగ్గరికొస్తుంది. టీ కీ పిడికి తెల్ల పెయింటు చుక్క పెట్టుకుంటే ఈ దూరం కంటికి ఆనుతుంది. తర్వాత 0.05 రేకు తేలిగ్గా దూరాలి, 0.10 దూరకూడదు. రెండూ నిజమైతే మీరు సరైన చోటే ఉన్నారు. ఇది కొలత కాదు, అంచనా. అయినా సౌండు విని పెట్టేదానికన్నా వందరెట్లు మేలు.

రేకు ఎంత గట్టిగా రావాలి అన్నది మాటల్లో చెప్పడం కష్టం. వేళ్ళ మధ్య కొత్త నోటుని గట్టిగా పట్టుకుని ఇంకోచేత్తో లాగితే ఎలా రాసుకుంటూ వస్తుందో, దాదాపు అలా. తోస్తే ముడుచుకుపోతే టైటు, గాలిలో ఊగినట్టు వస్తే లూజు. రేకుకి చుక్క ఆయిల్ రాయండి, పొడిగా పెడితే లేని పట్టు తెలుస్తుంది. ఏటవాలుగా పెడితే కూడా అంతే, రేకు వంగి రాకర్‌కి తగిలి పట్టిందనిపిస్తుంది, నిజానికి స్క్రూ కింద ఖాళీ ఉంటుంది.

కిట్టు గేజ్‌లో రెండో లోపం వెడల్పు. రేకులు అర అంగుళం దాకా ఉన్నాయి, మూత కన్నంలోంచి దూర్చి రాకర్ కింద తిన్నగా పెట్టాలంటే అంచులు గోడకి తగులుతాయి. దీనికి మందు కత్తెర. 0.05, 0.10 రేకుల్ని కొసనుంచి రెండంగుళాల మేర ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పుకి కత్తిరించి, అంచులు సున్నా ఎమెరీ కాగితంతో తుడవండి. కత్తిరించిన అంచు లేచి ఉంటే అదే 0.02 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. కొసని చిటికెడు మేర వంచుకుంటే ఎగ్జాస్టు వైపు పని ఇంకా సుఖం. 0.05 రేకు అరిటాకు పొరలాగా ఉంటుంది, రెండుసార్లు మడత పడితే ఇక పనికిరాదు, నలిగినచోట మందం పెరిగినట్టే లెక్క.

మూడో లోపం, రేకు మీద అచ్చేసిన అంకె నిజమా అన్నది. దీనికి డెల్టాలో మంచి సౌకర్యముంది. చెరువుల ఇంజన్లు, మోటార్ల షాఫ్టులు, బోటు సామాన్ల పుణ్యమా అని ఆక్వా ఊళ్ళలో లేత్ పనివాళ్ళకి కొదవలేదు. అక్కడ మైక్రోమీటర్ ఉంటుంది, వందో వంతు మిల్లీమీటరు చదువుతుంది. రేకు తుడిచి అందులో పెట్టి చూడమంటే టీ ఖర్చుతో అయిపోతుంది. 0.05 అని రాసి ఉన్నది 0.06 చూపిస్తే పారేయనక్కర్లేదు, రేకు మీద శాశ్వత మార్కర్‌తో అసలు అంకె రాసుకోండి. 0.08 చూపిస్తే మాత్రం కొట్లో తిరిగిచ్చేయండి.

కీ సంగతి నయం. చదరపు బిట్టు స్క్రూ తలని కాస్త గట్టిగానే పట్టింది, గొట్టం పానా గోడ పల్చగా ఉండి కన్నంలోంచి తేలిగ్గా దిగింది. ఏడు మార్కులూ దానికే. పోయిన మూడు మార్కులు 3 మి.మీ. బిట్టు మెత్తదనానికి. నాలుగైదు బళ్ళు చేసేసరికి మూలలు గుండ్రమవుతాయి, ఆ తర్వాత అది జారి స్క్రూ తల మూలల్ని కూడా తినేస్తుంది. స్క్రూ తల గుండ్రమైతే ప్లయరుతో పట్టుకు తిప్పడం మొదలవుతుంది, అక్కడినుంచి అంతా దిగజారుడే. ప్లయరుతో పని చేయొద్దు, స్క్రూ, నట్టు కొత్తవి తెచ్చి వేయండి, సామాన్ల కొట్లో అడిగితే చవకలోనే వస్తాయి.

లాక్‌నట్టు బిగించడంలో ఒక మెలిక ఉంది. నట్టు బిగిసేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. నట్టు స్క్రూని పైకి లాగి మర సందు మింగేస్తుంది, దానివల్ల గ్యాపు కొద్దిగా పెరుగుతుంది. అదే సమయంలో కీని గట్టిగా పట్టుకోకపోతే నట్టుతోపాటు స్క్రూ కూడా తిరిగి గ్యాపు తగ్గుతుంది. పిచ్ 0.5 ఉన్న స్క్రూ పది డిగ్రీలు తిరిగిందంటే 0.014 పోయినట్టు, 0.05 గ్యాపులో నాలుగో వంతుకి పైనే. కాబట్టి రేకు లోపలే ఉంచి, ఎడంచేత్తో కీ కదలకుండా పట్టి, కుడిచేత్తో నట్టు బిగించి, బిగించాక రేకు తీసి మళ్ళీ దూర్చి చూడాలి. మొదటిసారికే కుదిరితే అదృష్టం, మూడోసారికి కుదిరితే మామూలు. కిట్టు కీలో చదరపు బిట్టు గొట్టం మధ్యలోంచి దిగుతుంది కాబట్టి ఈ రెండు చేతుల పని తేలికవుతుంది, విడి ప్లయరు, రింగు పానాతో చేసేదానికి దీనికీ తేడా అక్కడే. నట్టుకి మణికట్టు బలం చాలు. మోచేతి బలం పెడితే స్క్రూ మెడ దగ్గర విరుగుతుంది, విరిగిన ముక్క హెడ్డులో పడితే వెతకడానికి అయస్కాంతం కావాలి.

రెండూ బిగించాక ఇంజను రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్ళీ టి గీత దగ్గర ఆపి, గ్యాపు మరోసారి కొలవండి. ఈ మెట్టు దాటేసినవాళ్ళే రెండోరోజు మూతలు మళ్ళీ విప్పుతారు.

తిరిగి బిగింపు. మూతల ఓ-రింగులు చేత్తో నొక్కి చూడండి, రాయిలాగా గట్టిపడితే, లేదా ఒక పక్క చదునైపోతే మార్చాల్సిందే. పాతదాన్ని జిగురు రాసి వాడితే ఎగ్జాస్టు మూత దగ్గర వేడికి పొడిపొడిగా రాలుతుంది, ఆయిల్ సైలెన్సర్ గొట్టం మీద కారి పొగ వస్తుంది, బోరు పోయిందేమోనని మీరు గాభరా పడతారు. కొత్త రింగుకి ఆయిల్ రాసి గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టి, మూతని మొదటి మూడు మరలు వేళ్ళతోనే తిప్పాలి. హెడ్డు అల్యూమినియం, మర తప్పి ఎక్కించి పానాతో బిగిస్తే మర పోతుంది, ఆ మర తిరిగి వేయించడం ఈ కిట్టు ధరకి నాలుగు రెట్లు. ప్లగ్గు కూడా వేళ్ళతోనే కూర్చునేదాకా తిప్పి, కొత్తదైతే అర చుట్టు, పాతదే అయితే ఎనిమిదో వంతు చుట్టు బిగించండి. టాంకు తీయాల్సిన బళ్ళలో పెట్రోలు పైపు క్లిప్పు వెనక్కి వేశారా, టాంకు కింద వైర్లు నలగకుండా ఉన్నాయా చూసుకోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళలో పెట్రోలు పైపులో ప్రెషర్ ఉంటుంది, గొట్టం ఊడలాగితే కళ్ళల్లోకి చిమ్ముతుంది. అలాంటివాటికి టాంకు విప్పడం ఈ పనిలో భాగం చేసుకోకుండా ఉంటేనే మంచిది.

స్టార్ట్ చేసేముందు ప్లగ్గు బిగించి, ఇగ్నిషన్ తాళం ఆన్ చేయకుండా కిక్కర్ని చేత్తో మెల్లగా నొక్కండి. కంప్రెషన్ దగ్గర గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా జారిపోతే ఎక్కడో వాల్వు తెరుచుకునే ఉందని అర్థం, స్టార్ట్ చేయకుండా మళ్ళీ కొలవండి.

స్టార్టయ్యాక గ్యాపు సరిగ్గా ఉన్నా టిక్కుటిక్కు తగ్గకపోతే కిట్టుని తిట్టకండి. స్క్రూ కొస అరిగి మధ్యలో గుంట పడి ఉంటుంది. రేకు ఆ గుంట మీద వంతెనలాగా పడుకుంటుంది, రేకుకి తెలిసే గ్యాపు 0.05 అయితే వాల్వుకి తెలిసే గ్యాపు అంతకన్నా ఎక్కువ. స్క్రూ తీసి కొసని వెలుగులో తిప్పి చూస్తే గుంట అద్దంలా మెరుస్తుంది. దాన్ని రాయి మీద నూరకండి, పై పొర గట్టిదనం పోతే వెయ్యి కిలోమీటర్లకే మళ్ళీ అరుగుతుంది. కొత్త స్క్రూ వేయడమే. శబ్దం టిక్కుటిక్కు కాకుండా ఎడం వైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు కరకరమంటే అది టైమింగ్ చైను, దానికి టాపెట్ కీతో పని లేదు.

ఇంత చెప్పాక, ఎవరు కొనాలి? ఇంట్లో రెండు మూడు బళ్ళుండి, మూడు నాలుగు వేల కిలోమీటర్లకోసారి మూత తీసి చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి ఈ కిట్టు రెండేళ్ళలో తన డబ్బు తాను తెచ్చుకుంటుంది. బండి ఒక్కటే, అదీ ఏడాదికోసారి చూపించుకుంటాం అంటే మంచి మెకానిక్కుని పట్టుకుని, ‘సౌండున్నా పరవాలేదు, గేజ్ పెట్టి సెట్ చేయండి’ అని ఒక్క మాట చెప్పడం చవక. గేజ్ లేదంటే మీ గేజ్ పట్టుకెళ్ళండి.

ఇంకొకటి, సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళకి. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఈ రేకులు నెలరోజుల్లో ఎర్రబడతాయి. 0.05 రేకు మీద తుప్పు మచ్చ లేచిందంటే ఆ రేకు అయిపోయినట్టే, గోకితే పల్చబడుతుంది, వదిలేస్తే మందమవుతుంది. పెట్టెతో వచ్చిన ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది కాబట్టి దాన్ని పారేసి, రేకుల మధ్య ఇంజన్ ఆయిల్ తడిపి పిండిన నూలు గుడ్డ పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాచండి. వాడేముందు పొడిగుడ్డతో తుడిచి, ఒక చుక్క కొత్త ఆయిల్ రాసుకోండి.